ఎసరు పెట్టమన్న విమానం

దయ్యాలు, శకునాలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. గొర్రెల మందతో వెళ్లి బొందలగడ్డలో సమాధుల పక్కన కూడా గొంగడి కప్పుకుని గురకపెట్టి నిద్రపోయే నాయినకు పుట్టినదాన్ని. పైగా కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. అందుకే ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరైనా నాకు చెప్పి ఉంటే నేనే ముందు నవ్వేదాన్ని.

ముందు అసలు విమానం గురించి చెప్పాలి. మాది కోస్గి దగ్గర ఒక పల్లె. ఎనభైలలో ఆముదం చేలకు గొంగళి పురుగు పడితే మందు చల్లడానికి ఒక చిన్న పసుపు రంగు విమానం వచ్చేది. ఊరి బయట గొర్రెలు మేసే బీడును చదును చేసి, అది దిగడానికి జాగా తయారుచేశారు. మా నాయిన మందను చిన్నాయనకు అప్పగించి ఆ పనిలో కుదిరాడు. చేను అంచున తెల్ల జెండా ఎత్తి పట్టుకుని నిలబడాలి. పైలట్ ఆ జెండాను గురిగా పెట్టుకుని వరస తప్పకుండా మందు చల్లుతాడు. సగం మందు చేను మీద పడితే సగం నాయిన మీద పడేది.

విమానం నడిపేది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం పెద్దమనిషి. ఊరంతా కెప్టెన్ సాబ్ అనేవాళ్లు. ఒకరోజు మందు ఘాటుకు నాయిన చేనులోనే కుప్పకూలాడు. దగ్గర్లో మనిషన్నవాడు లేడు. జెండా కనిపించకపోవడం పైనుంచి చూసింది సాబ్ ఒక్కడే. వెంటనే విమానం దించి, తనే జీపులో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. అలా మా నాయిన మాకు దక్కాడు.

ఆ తరువాత నాయిన పనికి పోయిన ప్రతిరోజూ అమ్మ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. అది చూసి సాబ్ ఒక సైగ ఏర్పాటు చేశాడు. చివరి మందు చల్లాక మా ఇంటి మీదుగా కిందుగా వచ్చి రెక్కలు ఊపేవాడు. ముందు ఎడమ రెక్క, తరువాత కుడిది, మళ్లీ ఎడమది. నీ మనిషి బాగున్నాడు, ఇంటికి వస్తున్నాడు అని దానికి అర్థం. అది చూశాకే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. అన్నం ఉడికేసరికి నాయిన గడపలో ఉండేవాడు.

"సాబ్ ఎసరు పెట్టమన్నడు, లే" అని వాడకట్టు ఆడవాళ్లు అమ్మను ఆటపట్టించేవాళ్లు. తన చేతి అన్నం ఒక్కపూటైనా తినిపొమ్మని అమ్మ ఎన్నిసార్లు పిలిచినా సాబ్ మాత్రం "ఇంకోసారి తింటనమ్మా" అని నవ్వి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు మందు విమానాలు ఆగిపోయాయి. సాబ్ మళ్లీ కనిపించలేదు.

తొంభైల చివరికి నేను మహబూబ్‌నగర్‌లో ఖాజా అన్న నడిపే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నాను. అక్కడే ఊరి చివర ఇల్లు కిరాయికి తీసుకుని అమ్మానాయినలను తెచ్చుకున్నాను. అమ్మకు అక్కడ ఇంకా ఎవరూ పరిచయం కాలేదు. ఆమెకు తెలిసిన ఫోన్ నంబరు మా సెంటర్‌ది ఒక్కటే.

ఆ సెంటర్‌లో నాకు విమానాల ఆట పిచ్చి పట్టుకుంది. ఖాజా అన్న ఫోన్ లైనుకు మోడెం తగిలించి ఇంటర్నెట్ పెట్టించాడు. ఆదివారాలు పిల్లలు రారు కాబట్టి మధ్యాహ్నం అంతా నాదే. ఆస్ట్రేలియాలో పీటర్ అనే ముసలాయన, ఇక్కడ నేను. ఇద్దరం తెర మీద చెరో చిన్న విమానం నడుపుతూ, వాళ్ల గొర్రెల పల్లెల్లోని మట్టి జాగాల్లో దిగుతూ ఎగురుతూ ఉండేవాళ్లం. ఆ ఎర్రమట్టి అచ్చం మా బీడులాగే ఉండేది. దానికోసమే ఆడేదాన్నేమో కూడా.

ఒక ఆదివారం అలా ఎగురుతుంటే నా ఎడమ పక్కన ఒక పసుపు విమానం వచ్చింది. అప్పటి ఆటల్లో బొమ్మలు మొద్దుగా ఉండేవి కాబట్టి రెక్కల కింద మందు గొట్టాలు చూశానని ఒట్టేసి చెప్పలేను. రంగు మాత్రం కచ్చితంగా పసుపే. అది కాసేపు నా పక్కనే సాగి, రెక్కలు ఊపింది. ఎడమ, కుడి, ఎడమ.

ఎవరీ పసుపు విమానం అని పీటర్‌ను రాసి అడిగాను. ఏ విమానం, ఉన్నది మనిద్దరమే కదా అని జవాబు వచ్చింది. ఈలోగా అది చుట్టూ తిరిగి నా ముందుకు వచ్చి మళ్లీ ఊపింది. మళ్లీ తిరిగి వచ్చింది. నాకు ఒక్కసారిగా మా పాత ఇల్లు, పొయ్యి దగ్గర అమ్మ కళ్లముందు కదిలారు. ఇక అక్కడ కూర్చోలేకపోయాను. పీటర్‌కు ఒక్క మాటైనా చెప్పకుండా లైను కట్ చేశాను.

లైను కట్ చేయగానే ఫోన్ మోగింది.

అమ్మ. ఎస్టీడీ బూత్ నుంచి. "ఎంతసేపాయె బిడ్డా చేయవట్టి, కలుస్తనే లేదు. మీ నాయినకు ఛాతిల నొస్తాంది. దవాఖానకు పోదామంటే నా మాట ఇంటలేడు. జర జెల్ది రా!"

ఆట నడుస్తున్నంతసేపూ ఆ ఫోన్ ఎంగేజ్‌లోనే ఉంటుంది. నేను లేచి ఉండకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేది.

ఖాజా అన్న స్కూటర్ మీద నన్ను ఇంటికి తీసుకుని వచ్చాడు. నాయిన మంచం మీద చెమటతో తడిసి ముద్దయి కూర్చున్నాడు. "గ్యాసే బిడ్డా, ఫికర్ చెయ్యకు. సోడా తాగితే తగ్గుతది" అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను. ఖాజా అన్న ఇక మాటలతో పని లేదని ఆయన్ను ఎత్తుకుపోయి ఆటోలో కూర్చోబెట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే తమ చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. ఇప్పుడు కూడా ఏమీ చెప్పలేనని లోపలికి వెళ్లిపోయాడు.

దవాఖాన వరండాలో అమ్మ పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక విమానం సంగతి చెప్పాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ముందుగాల ఏ రెక్క వంచింది?"

"ఎడమదే."

అమ్మ లేచి కొంగు నడుముకు దోపుకుంది. "నేను ఇంటికి పోత. ఎసరు పెట్టాలె."

నాకు ఒళ్లు మండింది. "డాక్టరే ఇంకా ఏం చెప్పలేదు, నువ్వెటు పోతవే?" అన్నాను.

"డాక్టర్ చెప్పకపోతేంది? సాబ్ చెప్పిండు గద" అని వెళ్లిపోయింది.

ఆ రోజు నాయిన రాలేదు. మరునాడూ రాలేదు. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం నాయిన వంతు కూడా కలిపి ఎసరు పెట్టి, ఆ అన్నం క్యారియర్‌లో తెచ్చి నాకు పెట్టేది. చివరికి నాయిన ఆటో దిగి నడిచి వచ్చిన రోజు అన్నం పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది. మనవరాలిని భుజాన ఎక్కించుకుని తిప్పే దాకా ఆయన మాతో ఉన్నాడు.

తరువాత ఎన్నో విధాల ఆలోచించాను. ఆ ఆటలో అలాంటి పసుపు విమానమే లేదు. పీటర్‌ను మళ్లీ అడిగితే అదే మాట చెప్పాడు. నా మనసే కల్పించిందనుకుందామంటే, సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఎందుకు కల్పించినట్టు? కెప్టెన్ సాబ్ కోసం హైదరాబాద్‌లో తెలిసినవాళ్లందరినీ వాకబు చేశాను. ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియలేదు. ఉన్న మనిషిని దయ్యం అనలేను, లేని మనిషికి దండం ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆయన దయవల్లే మాకు నాయిన రెండుసార్లు దక్కాడని మాత్రం నా గుండెకు తెలుసు.

ఇప్పటికీ నేను ఆ ఆట ముందు కూర్చుంటే అమ్మ వచ్చి వెనక నిలబడుతుంది. "సాబ్ కనపడ్డడా?" అని అడుగుతుంది. లేదమ్మా అంటాను.

"ఈసారి కనపడితే కిందికి దిగమను బిడ్డా. అన్నం తిని పొమ్మను."