రెండో దారి లేని బాయి

నాకు కోపం ముక్కు మీదుంటదని మా కాలనీల అందరికి ఎరుకే. కాదనను, ఉంటది. కానీ ఆ ఆదివారం నా జాగల ఎవరున్నా కోపం రాకపోవునా, మీరే చెప్పుండ్రి. చర్చిల ఆరాధన ముగిసే ముందు అయ్యగారు కండ్లు మూసుకొని, చేతులు పైకెత్తి, "ఈ బిడ్డకు బోర్‌హోల్ నౌకరి దయచేయుము ప్రభువా" అని ప్రార్థన చేసిండు. అందరు ఆమెన్ అన్నరు. అందరికన్న గట్టిగ మా బాపు అన్నడు.

నేను పోతున్నది బోర్‌హోల్ నౌకరికి కాదు. బ్లూ హోల్ చదువుకు.

తప్పు మా బాపు చెవులది. గోదావరిఖనిల బతికినోనికి బోర్‌హోల్ అంటే దినాం వినే మాట. బొగ్గు ఎంత లోతుల ఉన్నదో చూసెటందుకు భూమిలకు దింపే సన్న బొక్క అది. నేను బ్లూ హోల్ అన్న, ఆయనకు తెలిసిన మాటే ఆయనకు వినవడ్డది. ఇగ గోలేటిల ఉండే మా మేనత్త నుంచి బసంత్‌నగర్‌ల చిన్నాయిన దాక అందరికి ఫోన్లు చేసి చెప్పిండు. చర్చి బయట ఒక కాక నన్ను ఆపి, "ఎండల రిగ్గు కాడ నిలవడుడు కష్టం గదా బిడ్డా?" అని అడిగిండు. కందకు లేని దురద కత్తిపీటకు! పండ్లు కొరుక్కుంట ఇంటికి నడిచిన.

నా కోపం ఎనుక భయం ఉండె. ఇంటర్వ్యూ బుధవారం. సముద్రం ఒడ్డున ఒక లాబుల సూక్ష్మజీవుల మీద పని చేసే సీటు, ఒక్కటే సీటు. నిరుడు కూడ పోయిన. "బ్లూ హోల్ అడుగున ఆక్సిజన్ ఎందుకుండదు?" అని అడిగిన్రు. ఇంగ్లీషుల పేజీ మొత్తం బట్టీ కొట్టుకొని పోయిన, మూడో మాట కాడ ఆగిపోయిన. "నీళ్ళు తాగమ్మా" అన్నది తెల్ల జుట్టు మేడం. నీళ్ళు తాగి, దండం పెట్టి, వాపస్ వచ్చిన. ఈసారి రాకుంటే ఆశ వదిలి బీఎడ్ చేస్త అని నన్ను కన్న అవ్వకు మాటిచ్చిన. బీఎడ్ తక్కువదని కాదు. కానీ డిగ్రీల మొదటిసారి మైక్రోస్కోపుల మోరీల మురికి నీళ్ళ చుక్క చూసిన దినం నుంచి నాకు ఇంకో పని మీద మనసు పోలేదు. ఒక్క చుక్కల అంత మంది! తిరుగుతున్నరు, గుద్దుకుంటున్నరు, ఒకలనొకలు మింగుతున్నరు. అది చూసినంక ఎట్ల ఊకుంటం?

అన్నం కాడ బాపు మీద ఎగిరిన. "ఊరంత బోర్‌హోల్ బోర్‌హోల్ అని చెప్పినవ్, నా ఇజ్జత్ పోయింది" అన్న. అవ్వ ఊకుంటదా?

"ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. కన్న తండ్రికే సమజ్ చెయ్యలేనిదానివి, అక్కడ కూసున్నోళ్ళకేం చెప్తవే?"

సురుక్కుమన్నది. పళ్ళెం పక్కకు జరిపి కూసున్న.

"సముద్రం నడుమ నిట్టనిలువుగ లోపటికి పోయే బాయి, బాపు. లోతు ఎక్కువుండి పైకెంచి నీలంగ కనవడ్తది. అందుకే బ్లూ హోల్."

"బాయా?" అన్నడు. "బాయి అని ముందుగల్ల చెప్పొద్దా మరి!"

మా దిక్కు బాయి అంటే నీళ్ళు చేదుకునే బాయి ఒక్కటే కాదు. బొగ్గు గనిని కూడ బాయే అంటం. మా బాపు ముప్పై ఏండ్లు ఆ బాయిల సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు, చేతిల సేఫ్టీ దీపం పట్టుకొని అందరికన్న ముందు ఆయన పోవాలె. గాలి మంచిగున్నదో లేదో చూసి, అప్పుడు మందిని పిలువాలె. బాయి అన్న మాట వినంగనే బాపు మొఖం మారిపోయింది. ఎడమ చేత్తోని కండ్లద్దాలు సర్దుకొని, డ్యూటీల ఉన్నట్టే అడిగిండు.

"రెండో దారి ఏడున్నది?"

"రెండో దారి లేదు. పైన ఒక్కటే నోరు."

"మరి ఎవడిచ్చిండు పర్మిషన్?" అని గరమైండు. "ఒక దారిల గాలి పోవాలె, ఇంకో దారిల మర్లి రావాలె. రెండో దారి లేని బాయిల గాలి ఆడదు. అడుగున ఉన్న గాలి అడుగున్నే చస్తది. దీపం ఆరుతది."

నేను బట్టీ కొట్టిన పేజీ మొత్తం ఇదే గదా! అక్కడ గాలికి బదులు నీళ్ళు, అంతే ఫరకు. పై నీళ్ళు కిందికి పోవు, కింది నీళ్ళు పైకి రావు.

ఇగ నాకు ఊపొచ్చింది. పైన ఎలుగున్న నీళ్ళు, నడుమ కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చే పొర, దాని కింద చీకటి అని చెప్పుకుంట పోయిన. బాపు తలకాయ ఊపిండు.

"గా వాసన నాకెరుకే. మూసేసిన పాత బాయిలల్ల నిలువున్న నీళ్ళ కాడ వస్తది. వచ్చిందంటే ఎనుకకు ఉరుకుడే. పొరలు కూడ ఎరుకే. దీపం మెల్లగ లేపాలె, మెల్లగ దించాలె. జల్ది చేస్తె గాలంత కలుస్తది, ఏ పొరల ఏమున్నదో సమజ్ కాదు."

"ఆ పొరలల్లనే ఉంటయి బాపు, నేను చదివేటి జీవాలు. గా వాసనే కొన్నిటికి తిండి."

"నేను నమ్మ," అన్నడు. "దీపం ఆరిన కాడ ఏదీ బతుకది."

"బతుకుతయి. మన గాలి తగిలితేనే చస్తయి వాటిల్ల కొన్ని."

బాపు చెయ్యి కడుక్కొని వచ్చి, తువ్వాలతోని తుడుచుకుంట అన్నడు: "అంటే, వాళ్ళ దీపం మన కాడ ఆరుతదన్నట్టు."

నాకు నవ్వొచ్చింది. కోపం ఎటు పోయిందో పోయింది. కానీ ఆయన నమ్మలేదని మొఖం చూస్తెనే తెలుస్తున్నది.

బుధవారం మల్ల అదే తెల్ల జుట్టు మేడం, మల్ల అదే ప్రశ్న. నేను నోరు తెరిచిన. ఏమొచ్చింది? "ఈ బోర్‌హోల్‌ల..." అని వచ్చింది! సచ్చిన్రా దేవుడా అనుకున్న. పక్కనున్న ఇద్దరు సార్లు నవ్విన్రు. నిరుడైతే అక్కడ్నే నోరు మూతవడేది. ఈసారి నా మీద నాకే కోపమొచ్చింది, ఆ కోపంతోనే మాట కూడ వచ్చింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. "రెండో దారి లేదు మేడం" అని మొదలువెట్టిన. మా బాపు బొగ్గు బాయిల సర్దారని, దీపం ఎట్ల దించుతుండెనో, మనం నీళ్ళు తీసే సీస కూడ పొరలు కలువకుంట అట్లనే ఎందుకు దించాల్నో చెప్పిన. నవ్వినోళ్ళు నవ్వు ఆపి ముందుకు వంగిన్రు. మేడం ఈసారి నీళ్ళు తాగుమనలే. "మీ నాన్నగారు ఇంకా ఏం చెప్పారు?" అని అడిగింది.

సీటు నాకే వచ్చింది. మల్ల ఆదివారం అయ్యగారు బోర్‌హోల్ నౌకరి ఇచ్చినందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పిండు. ఈసారి అందరికన్న గట్టిగ నేను ఆమెన్ అన్న.

లాబుల చేరినంక కొన్ని నెలలకు, ఎక్కడో దూరపు బ్లూ హోల్ నుంచి గాలి సొరకుంట మూత బిగించిన సీసలు వచ్చినయి. ఒక చుక్క తీసి గాజు బిళ్ళ మీద పెట్టి మైక్రోస్కోపుల చూసిన. గులాబీ రంగువి, గుండ్రటియి, ఈతకొట్టుకుంట తిరుగుతున్నయి. ఒళ్ళంత పులకరించింది. మేడంను అడిగి, బాపుకు వీడియో కాల్ చేసి, ఫోను కెమెరాను మైక్రోస్కోపు అద్దం మీద పెట్టిన.

"గివి దీపం ఆరిన కాడియేనా?" అన్నడు.

"అవే బాపు."

బాపు ఫోను కండ్ల దగ్గరికి తెచ్చుకొని మల్ల మల్ల చూసిండు.

"ముప్పై ఏండ్లు... దీపం ఆరంగనే మందిని ఎనుకకు మలిపిన. అండ్ల ఏం లేదు, పాండ్రి పాండ్రి అన్న."

"నువ్వు మలిపినందుకే గదా బాపు వాళ్ళంత ఇండ్లకొచ్చిన్రు," అన్న. ఆ మాట అనెటప్పుడు నాకు ఏడుపొచ్చింది.

బాపు ముక్కు చీదుకున్నడు. అవ్వను పిలిచి చూపెట్టిండు. మల్ల ఒక్కసారే పరేషానై, సర్దారు గొంతుతోని నా మీద ఒర్రిండు.

"ఇగ చాలు బిడ్డా, ఎంతసేపు బయట పెడ్తవ్? జల్ది లోపట పెట్టు. వాళ్ళ దీపం ఆరుతది!"