రొట్టె ఆగిపోయిన ఆదివారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. చూసినదేమిటో విప్పి చెప్పే తెలివి లేనప్పుడు రాయడమెందుకని. కాకపోతే ఈ మధ్య ఒకాయన బంధుగాం దారి ఎలాగని అడిగాడు. దారి చెప్పబోతే ఆ ఆదివారం కూడా వెంటబడి వచ్చేసింది.

తొంభైల చివర్లో మాట. రాయగడలో మా బట్టల కొట్టుకి యోహాను అనే రైతు వస్తూండేవాడు. ఊరు బంధుగాం అవతల. ఓసారి లుంగీ బేరమాడుతూ, "ఆదివారం మా గుడికి పాస్టరు గారు వస్తన్నారు బాబూ, ప్రభువు రొట్టె ఇస్తారు. మీరూ ఓపాలి రండి" అన్నాడు. ప్రసాదానికి పిలిచినట్టు పిలిస్తే కాదనడం ఎలా?

పొద్దున్నే రాయగడలో రైలెక్కి పార్వతీపురంలో దిగితే, స్టేషను బయట ఇడ్లీలు తినేలోగా బంధుగాం జీపు నిండుతుంది. అప్పట్లో పదిహేను రూపాయలు. నిండడమంటే మీరనుకునే నిండడం కాదు, డ్రైవరే సగం బయట కూర్చుని నడుపుతాడు. "కాళ్లు ఇలాగెట్టండి బాబూ, ఇంకో మడిసి పడతాడు" అన్నాడు నాతో. ఆ మనిషికి ఒక మేక కూడా ఉంది.

బంధుగాంలో దిగి గంటసేపు నడిస్తే ఊరు. పెంకుల గుడి, దాని వెనక పొలాలకి నీళ్లు పారే కాలవ, ఎండిపోయి ఉంది. పాస్టరు గారు చాలా ఊళ్లకి ఒక్కరే కాబట్టి ఈ రొట్టె నెలల తరబడి ఎదురుచూస్తే గానీ రాదు. దానికి ముందు ఊరంతా మోకాళ్లూని "మేము పాపం చేశాం" అని ఒక్క గొంతుతో ఒప్పుకోవాలి. నేనూ మోకాళ్లూనాను. ఏం చేశానని అడక్కండి, అందరూ ఒంగినచోట మనం నిటారుగా ఉంటే బాగుండదు.

తర్వాత పాస్టరు గారు, "ఊళ్లో మాటల్లేని ఇద్దరుంటే ఎవరికీ రొట్టె లేదు" అన్నారు. అది అక్కడి కట్టుబాటట. తలలన్నీ యోహాను వైపు, అతని అన్న అబ్రాము వైపు తిరిగాయి. నా పక్కనున్నావిడ చెవిలో చెప్పింది: పై పొలం అబ్రాముది, గట్టేసి కాలవ నీళ్లు ఆపేసేడు, కింద తమ్ముడి వరి ఎండిపోతోంది. వాళ్లమ్మ మంచం పట్టిన మనిషి. పోయేలోగా కొడుకులిద్దరి మధ్య కూర్చుని రొట్టె తినాలని మోయించుకుని వచ్చింది.

లేచినవాడు యోహాను. "అన్నా, నీ మీద కక్ష పెట్టుకున్నాను. తప్పయిపోనాది. సెమించు."

నేను తెల్లబోయాను. "నీళ్లాపింది ఆయన కదమ్మా?"

"అవును బాబూ."

"మరి ఈయన క్షమించమంటాడేంటి?"

"ఉండండి బాబూ, మీరు మరీని!"

అబ్రాము లేచి బయటికి పోయి, గోడవార ఉన్న పార భుజాన వేసుకున్నాడు. నేను పక్కావిడ వైపు ఒంగాను. "ఎవర్ని కొడతాడమ్మా?"

"ఏటో బాబూ" అంది ఆవిడ.

"ఆడు ఎల్లిపోనాడేటి?" అని ముసలమ్మ అడిగింది. పాస్టరు గారు రొట్టె పళ్లెం మీద గుడ్డ కప్పి కూర్చున్నారు.

అలా ఎంతసేపు కూర్చున్నామో. అందరూ కలిసి చేశామంటే ఎవరు చేసినట్టు? చెయ్యనివాడు క్షమించమంటే, చేసినవాడికి ఇంక ఏం మిగులుతుంది? ఇన్నేళ్లు నమిలినా నాకు మింగుడుపడలేదు. ఆ వేళ పాస్టరు గారి మొహం చూస్తే ఆయనకీ తెలిసినట్టు లేదు. వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే: రొట్టె ఉన్న ఆదివారం వెళ్తే సాయంత్రం జీపుని నమ్ముకోకండి, బంధుగాంలో పడకకి ముందే మాట్లాడి పెట్టుకోండి.

జీపు దాటిపోతుందని నేను మెల్లిగా లేచి గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. గుడి వెనక నీళ్ల చప్పుడు వినిపించి తొంగి చూస్తే, ఎండిన కాలవ పారుతోంది. కాసేపటికి అబ్రాము బురదంటిన పారతో వచ్చి, ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు. పాస్టరు గారు పళ్లెం మీద గుడ్డ తీశారు.