అక్క చదవని వార్త

నా చిన్నప్పుడు టీవీలో వార్తలు చదివే మనిషి పొద్దున్నే మా వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని వరసలో నిలబడేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఆమె మా పక్కింటి అక్క. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. రాయపూర్‌లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాళ్లే సొంత ఛానెళ్లు కూడా నడిపేవారు. అక్క పనిచేసే ఛానెల్ అంటే బజారులో ఒక దుకాణం మీద గది, ఒక కెమెరా, వెనక నీలం గుడ్డ. అయినా ఊరి శివారు బీర్‌గావ్‌లో, పనులకు వలసొచ్చిన మా శ్రీకాకుళం వాళ్ల ఇళ్లలో అక్కకున్న పరపతి ఢిల్లీ నుంచి వార్తలు చదివేవాళ్లకు లేదు. మా అమ్మకు హిందీ అంతంతమాత్రం. అక్క చదివే హిందీ మాత్రం తనకు అర్థమవుతుందని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే ఒకరోజు మా కొంప ముంచబోయింది.

ఆ మధ్యాహ్నం నాన్న పనిచేసే ఇనుము ఫ్యాక్టరీ వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి కిటికీలు అదిరాయి. కొలిమి పేలిందన్నారు. గేటు దగ్గరికి ఎవరినీ పోనివ్వడం లేదన్నారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ టీవీ పెట్టింది. అక్క మొహం పాలిపోయి ఉంది. చేతిలో కాగితం చూసి, చనిపోయినవారి సంఖ్య గురించి "అభీ కోయీ అనుమాన్ నహీ" అని చదివింది. హిందీలో అనుమాన్ అంటే అంచనా. ఎంతమందో ఇంకా తెలియదని ఆ మాటకు అర్థం. అమ్మ చెవికి మాత్రం అది మన అనుమానమే.

"అనుమానం నేదని అక్కే చెప్పీసింది. ఇంకేటుందే మనకి," అంటూ గోడకు చేరబడిపోయింది.

బడిలో హిందీ చదువుకుంటున్నదాన్ని, అలా కాదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. టీవీలో అక్క చెప్పినదాని ముందు నా మాట ఎంత. పక్కింటికి పరిగెత్తి, అక్క వాళ్లమ్మ చేత ఛానెల్ గదికి ఫోన్ చేయించి, అమ్మ ఏమనుకుందో చెప్పించాను.

కాసేపటికి అక్క మళ్లీ తెర మీదికి వచ్చింది. ఈసారి చేతిలో కాగితం లేదు. ఆ ఛానెల్లో ఎన్నడూ వినపడని మా యాసలో, "అమ్మా, ఇంకా ఎవరి సంగతీ తెల్దు. తెలిసాక నానే చెప్తాను," అంది. అమ్మ లేచి కూర్చుంది. ఆ తర్వాత కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా అక్క మాటిమాటికీ వచ్చి అదే మాట చెప్పి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా నాన్న గుమ్మంలోకి వచ్చాడు, ఒళ్లంతా మసితో. అమ్మ ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. నాన్న కూర్చోలేదు. వీధి చివరింటి బాబాయి కొలిమి పక్కనే ఉన్నాడని మెల్లగా చెప్పాడు. నేను టీవీ వైపు చూశాను. అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

చనిపోయినవాళ్లలో బాబాయి పేరుందని తెలియగానే ఆ వార్త చదవనని లేచి వచ్చేసిందట. వీధి మొదట్లో ఆటో దిగింది. మొహాన పౌడరు అలాగే ఉంది. మా గుమ్మం దాటి, కుళాయి దాటి చివరింటికి నడిచింది. ఆ ఇంట్లో పిన్ని పెట్టుకున్న టీవీ మాకు వినిపిస్తూనే ఉంది. అక్క లోపలికి వెళ్లాక అది ఆగిపోయింది.

యజమాని కోప్పడి అక్కను కొన్నాళ్లు తెర మీదికి రానివ్వలేదు. ఇప్పుడు ఆ ఛానెలే లేదు, కబుర్లన్నీ ఫోన్లలోనే వచ్చి పడుతున్నాయి. నేను నర్సునయ్యాను. ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్లు నా మొహంలోకి చూస్తారు. తెలియనప్పుడు తెలియదనే చెబుతాను, తెలిశాక నేనే వస్తానంటాను. మంచి కబురైతే ఎవరి చేతనైనా పంపిస్తాను. రెండో రకం కబురైతే ఆ తలుపు తోసుకుని నేనే బయటికి వెళతాను.