మూడు గొలుసులు దాచి చూస్తే

అక్క కూతురికి నాలుగేళ్ళు దాటినా మెట్లెక్కలేకపోయేది. నాలుగడుగులు వేస్తే కాళ్ళు పట్టేసి కూలబడేది. విజయవాడ డాక్టరు జన్యు పరీక్ష చేయించారు. కండరాలకు శక్తినిచ్చే ఒక ప్రోటీన్‌లో మార్పు ఉందనీ, జబ్బుకు అదే కారణమో కాదో చెప్పలేమనీ రిపోర్టు వచ్చింది. తేలాలంటే తొడ కండలోంచి చిన్న ముక్క తీసి చూడాలన్నారు. మూడో రోజు రమ్మన్నారు.

బావకి ఆ కోత ఇష్టం లేదు. బావంటే మా మేనమామ కొడుకే, తిరువూరులో ఎరువుల కొట్టు నడుపుతాడు. అక్కేమో వెళ్ళాల్సిందేనంది. రెండ్రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ప్రోటీన్ల ఆకారాలు చూసే ఉద్యోగం చేస్తున్నందుకు పంచాయితీ నా నెత్తిన పడింది.

"కంప్యూటర్లో చూపించు, నేనే చూసి చెప్తా," అన్నాడు బావ.

"చూస్తే తేలిపోదు బావా. అనుమానపడాలో వద్దో తెలుస్తుందంతే," అన్నాను. వినే రకమా!

మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ ప్రోటీన్ అంటే నాలుగు గొలుసులు. నాలుగూ ఒకే అచ్చు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే పని చేస్తాయి. అన్నీ ఒకేసారి పెడితే తికమకపడతారని మూడింటిని దాచి, ఒక్కదాన్నే తెర మీద ఉంచాను. పాపలో మారిన చోటికి ఎరుపు రంగు వేశాను.

బావ మౌస్ లాక్కుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏంటి మరదలా, విరిగిన జంతికలా ఉంది!" అని నవ్వాడు. ఎర్రచుక్క ఓ అంచున, దేనికీ తగలకుండా ఉంది.

"ఇంతేగా! ఎక్కడో మూలనుంది. దీనికోసం పసిదాని తొడ కోయిస్తారా? రేపు వెళ్ళేది లేదు," అంటూ లేచాడు.

సగం చూపించి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అక్కడితో ఆపేస్తే ఎంత హాయి అనిపించిన మాటా నిజమే. పాపకి కోత ఉండదు, వీళ్ళకి గొడవ ఉండదు. అక్క తెర వైపు చూడటం లేదు, నా మొహంలోకే చూస్తోంది. చిన్నప్పట్నుంచీ దాని ముందు నా అబద్ధాలు నిలబడవు.

"ఇంకా మూడున్నాయి. కూర్చో బావా!" అన్నాను, కాస్త గట్టిగానే.

దాచిన గొలుసుల్ని ఒక్కొక్కటే పైకి తెచ్చాను. రెండోది వచ్చి మొదటిదాని అంచుని పట్టుకుంది. సరిగ్గా ఎర్రచుక్క ఉన్నచోట. మూడోది, నాలుగోది కూడా అంతే. బావ నవ్వు ఆగిపోయింది. ఎటు తిప్పినా పట్టు దగ్గరే ఎరుపు.

"నాలుగింటిలో బాగున్నది ఒక్కటైనా లేదా?"

"లేదు బావా. మీ ఇద్దరి దగ్గర్నుంచీ పాపకి ఇదే వచ్చింది."

"ఇద్దరికీ ఒకటే ఎలా ఉంటుంది?" అని అడిగాడు గానీ, నేను నోరు తెరవకముందే తలదించుకున్నాడు. వాళ్ళ నాన్నా, మా అమ్మా ఒక తల్లి పిల్లలు.

"ఇదే జబ్బని నేననట్లేదు. ఆ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది," అన్నాను. ఆ మాట ఎవరికీ ఎక్కినట్టు లేదు.

అక్క నెమ్మదిగా అంది: "మనది మన ఇంట్లోనే ఉండాలని చేశారు ఈ పెళ్ళి. ఉంది చూడు, బావా."

నాకు ఏడుపొచ్చేసింది. బావ చాలాసేపు ఆ బొమ్మని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత మౌస్ వదిలేసి, పక్కగదిలో నిద్రపోతున్న పాప వైపు చూశాడు.

"పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్దాం," అన్నాడు అక్కతో. "కోసేటప్పుడు పాపని నేను పట్టుకుంటా."