కూటం గదిలో జపాన్ కత్తి

మా ఆయన ఏది కొన్నా నాకు చెప్పి కొనేవాడు, ఆ కత్తి తప్ప.

దోహాలో అప్పుడు చమురు డబ్బుతో ఎక్కడ చూసినా కట్టడాలే. ఆయన పనిచేసే సైట్‌లో ఒక జపాన్ ఇంజనీరు ఉండేవాడు. మరో దేశానికి బదిలీ అయితే, అక్కడికి తీసుకెళ్ళనివ్వరని తాతల నాటి కత్తిని అమ్మేశాడట. నేను హాస్పిటల్ డ్యూటీ ముగించుకుని ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాట్‌కి వచ్చేసరికి, హాల్లో బల్ల మీద చెక్క స్టాండు, దాని మీద నల్లటి ఒర.

"ఏమిటండీ ఇది?"

"ఆ వంపు చూశావా?"

"శుక్రవారం ఈ హాల్లోనే ప్రార్థన కూటం జరుగుతుంది. గుర్తుందా?"

"పడగ్గదిలో ఏసీ కారుతోంది. తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఇక్కడే ఉండాలి."

ఆ రోజుల్లో అక్కడ చర్చికి అనుమతి లేదు, మాకు ఆరాధనకి వేరే చోటు లేదు. పరదాలు వేసుకుని, పక్క వాటా వాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. విశ్వాసులు చెప్పులు విప్పే వేళకి మా ఆయన చెప్పులు వేసుకుని సముద్రం ఒడ్డుకి పోయేవాడు. పెళ్ళైన దగ్గర్నుంచి నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఈ మనిషి వచ్చి కూటంలో కూర్చోవాలని.

అలాంటి మనిషి కత్తికి చేసే సేవ చూస్తే ఒళ్ళు మండేది. మెత్తటి కాగితంతో పాత నూనె తుడిచేవాడు. పట్టుగుడ్డ ఉండతో తెల్లపొడి అద్ది మళ్ళీ తుడిచేవాడు. ఆపైన లవంగనూనె పల్చగా పూసేవాడు. వేలు తగలకూడదు. ఊపిరీ ఉమ్మీ పడకూడదని పెదవుల మధ్య కాగితం ముక్క పట్టుకునేవాడు. అన్నం వడ్డించనా అంటే "ఊఁ". గ్యాస్ అయిపోయిందంటే "ఊఁ". ఆ లవంగాలకి ఇల్లంతా బిర్యానీ వాసన, పొయ్యి మీద మాత్రం పప్పు.

చివరికి బేరం పెట్టాను. "కత్తి హాల్లో ఉండాలంటే మీరు కూటంలో కూర్చోవాలి."

పెదవుల మధ్య కాగితం తీశాడు. "దాన్ని ఎవరూ ముట్టుకోరంటే కూర్చుంటాను."

మాటిచ్చాను.

మా సంఘపెద్ద మెదక్ వైపు మనిషి, ఫోర్‌మన్. యంత్రాల చప్పుడు మీద కేకలేసి అలవాటైన గొంతు. మెల్లగా చెప్పమని ఎన్నిసార్లు బతిమాలినా తగ్గేది కాదు. ఆ శుక్రవారం గుమ్మంలోనే ఆపి చెప్పాను, "అన్నా, ఆ కత్తి జోలికి మాత్రం పోవద్దు."

"నాకెందుకు చెల్లె, దాంతోని నాకేం పని?"

ప్రసంగం వాక్యమనే ఖడ్గం మీదికి వచ్చింది. ఆయన చెయ్యి స్టాండు మీదికి వెళ్ళింది.

"గిట్ల! గిట్ల దూసుకపోతది వాక్యం! రెండంచుల ఖడ్గం!" ఒరలోంచి సర్రున లాగి, కత్తి అలుగు మీద వేళ్ళు పెట్టి అందరికీ చూపిస్తున్నాడు.

మా ఆయన లేచాడు. "దానికి ఒకవైపే పదును. లోపల పెట్టండి."

"ఆగు బావా, దేవుడు మాట్లాడుతుండు."

"దేవుణ్ణి మాట్లాడనివ్వండి. మీ ఉమ్మి పడుతోంది!"

కత్తి లాక్కుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. ఎంత తుడిచినా రెండు రోజులకే అలుగు మీద సన్నటి మచ్చలు తేలాయి. "నువ్వు మాటిచ్చావు," అన్నాడు. ఆ వారమంతా నాతో అంతకుమించి మాట్లాడలేదు. నాకు సంఘపెద్ద మీద కోపం, ఈయన మీద కోపం, ఇన్నేళ్ళ ప్రార్థనని ఇనుపముక్క చేతిలో పెట్టిన దేవుడి మీద కూడా కోపం. మోకాళ్ళూని దేవుడితోనే ఆ మాట అన్నాను.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఇక సముద్రమే అనుకున్నాను. ఎవరూ రాకముందే మా ఆయన స్టాండు ముందు చాప పరుచుకుని, కత్తి ఒళ్ళో పెట్టుకుని, నోట్లో కాగితంతో కూర్చున్నాడు. కాపలాకి!

సంఘపెద్ద అది చూసి దూరంగా వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ప్రసంగం చేశాడు. నేను అడిగితే తగ్గని గొంతు కత్తి ముందు తగ్గింది. అంత నిమ్మళంగా మా ఇంట్లో కూటం ఎప్పుడూ జరగలేదు. కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాల్సిన దాన్ని, పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

చివర్లో అందరూ ఆమెన్ అన్నారు.

"నువ్వు గూడ అను బావా," రుమాలు వెనకనుంచి సంఘపెద్ద.

"ఊఁ."

సంఘపెద్ద నావైపు తిరిగాడు. "ఏంది చెల్లె, గా 'ఊఁ' ఆమెనేనా?"

"నాకేం తెలుసన్నా? గ్యాస్ అయిపోయిందన్నా అదే అంటాడు."