మా చేనులో గుంతలు పూడ్చిన సారు

మొన్న మంగళవారం స్కూలు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే బాపు ఫోన్ చేశాడు. బాపు తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు.

"సారు పోయిండు బిడ్డా," అన్నాడు.

ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. "నేను నిజామాబాద్ పోతున్న. నువ్వు జక్రాన్‌పల్లి నుంచి సక్కగ ఆడికే రా," అని పెట్టేశాడు.

ఆయన ఎడపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. పెద్ద గొంతు కాదు. సుద్దముక్క పొడికి దగ్గొస్తుందని బోర్డును తడిగుడ్డతో తుడిచేవారు. అది ఆరేదాకా చేతులు కట్టుకుని మా వైపు చూస్తూ నిలబడేవారు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు కింద ఉన్న సంతకం చూసి, ఆ తర్వాతే పైనుంచి చదవడం మొదలుపెట్టేవారు. "ఎవరు రాసిండ్రో తెల్వకుండ ఏం రాసిండ్రో ఎట్ల నమ్ముతం?" అనేవారు. ఆ అలవాటు ఆయనకు తర్వాత చాలా ఏళ్లు పనికొచ్చింది. మా వల్లే పనికొచ్చింది.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు, నరికిన చెరుకు మోళ్లు పెళ్లగిస్తుంటే బాపు గడ్డపారకు రాగి బిందె ఒకటి తగిలింది. మూతి దాకా మన్ను, అడుగున నల్లబడ్డ వెండి బిళ్లలు, రెండు కడియాలు. బాపు దాన్ని తెచ్చి వడ్ల గుమ్మిలో దాచాడు. బోరు వేయించాలని ఆయన ఆశ. "ఎవలకు చెప్పకుండ్రి," అన్నాడు.

నేను చెప్పాను. బిళ్ల మీది అక్షరాలు ఏమిటో తెలుసుకోవాలని ఒకటి ఓణీ కొంగున కట్టుకుని వెళ్లి సారుకు చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎక్కడిది అని అడిగారు. ఆయన అడిగితే అబద్ధం చెప్పడం నాకు రాలేదు.

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చారు.

"నా భూమిల దొరికింది నాదే గద సారూ," అన్నాడు బాపు.

"భూమి నీదే అన్నా. పాతిపెట్టింది నువ్వు గాదు గదా. గిసొంటిది దొరికితె కలెక్టర్‌కు చెప్పాలె అని చట్టమున్నది. చెప్తె దొరికినోనికి గుడ పాలుంటది. దాస్తె కేసు అయితది."

"చెప్తె ఇస్తరా?" అని అడిగింది మా అమ్మ, పొయ్యి దగ్గర నుంచి. ఆమెను మేము అవ్వా అనే పిలుస్తాం.

"ఇస్తరక్కా. నేనుంట మీ ఎంబడి."

ఆయన ఆ మాట నమ్మే చెప్పారు. మాకు పుస్తకంలో చెప్పింది బయట కూడా అట్లాగే జరుగుతుందని ఆయనకు అప్పటికి ఇంకా నమ్మకం ఉండేది.

రెండు రోజులు బాపు గుమ్మి చుట్టే తిరిగాడు. మూడో రోజు బిందెను గోనెసంచిలో పెట్టుకుని సారు వెంట బోధన్‌లో సర్కారు ఆఫీసుకు వెళ్లాడు. దరఖాస్తు సారే రాశారు. అక్కడ తూకం వేశారు, జాబితా రాశారు, లక్కతో సీలు వేశారు. అంతవరకు సక్రమంగానే జరిగింది. మర్నాడు మా ఇంటికి పోలీసులు వచ్చారు. బిందె ఇంత పెద్దగుంటే సొమ్ము అడుగునే ఉన్నదేంది, మిగిలింది ఎక్కడ పెట్టినవని వాళ్ల ప్రశ్న. ఎన్నిసార్లు చెప్పినా మన్ను సంగతి వినలేదు. గుమ్మి ఒంపారు. ఇంట్లో నేలంతా తవ్వారు. బాపును తీసుకుపోయారు.

రెండు రోజులకు బాపు తిరిగొచ్చాడు. ఎడమ చెవి వినపడటం లేదు. ఇప్పటికీ వినపడదు.

ఆ రెండు రోజులూ సారు ఠాణా ప్రహరీ గోడ పక్కనే కూర్చున్నారట. పలుమార్లు లోపలికి వెళ్లి, "దరఖాస్తు రాసింది నేనే. నన్ను గుడ లోపటెయ్యిండ్రి," అన్నారట. పోయి పిల్లలకు పాఠాలు చెప్పుకోమన్నారట వాళ్లు.

నన్ను మాత్రం ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత చేనులో గుంతలు మొదలయ్యాయి. ఇంకా సొమ్ముందని ఊరూరా పుకారు పాకింది. ప్రతి అమావాస్య మర్నాడు బాపు చేనుకు పోతే నాలుగైదు కొత్త గుంతలు, వాటి చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. మొలకెత్తిన చెరుకు ముక్కలు వేర్లతో సహా లేచి పడి ఉండేవి.

ఒక ఆదివారం సారు సైకిల్ వెనక పార కట్టుకుని వచ్చారు. ఎవరినీ అడగకుండా చేనులోకి దిగి గుంతలు పూడ్చడం మొదలుపెట్టారు. వాళ్లది బట్టలు కుట్టే కుటుంబం, ఆయనకు పార పట్టడం తెలియదు. గంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. "మీకెందుకు సారూ ఈ పని," అని బాపు పార అందుకోబోతే, "జరుగు అన్నా, ఇదన్న నన్ను చెయ్యనియ్యి," అన్నారు. మళ్లీ ఆదివారం వచ్చారు. ఆ పై ఆదివారం కూడా. అవ్వ ఆయనకు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు, బావి మోటారు దగ్గర దోసిలితో తాగేవారు. ఐదో వారమో ఆరో వారమో అవ్వ చాయ్ కాచి గిలాసు నా చేతికిచ్చింది. "ఇచ్చిరా పో. ఎండల పడిపోతె మల్ల అదొకటి," అంది.

సొమ్ము దాచాడని బాపు మీద పోలీసులు పెట్టిన కేసు మాత్రం నడుస్తూనే ఉంది. వాయిదా ఉన్న రోజు సారు స్కూలుకు సెలవు పెట్టి బాపు వెంట వెళ్లేవారు. పిలుపు కోసం పొద్దంతా కోర్టు బల్ల మీద కూర్చోవడం, సాయంత్రానికి ఇంకో తారీఖు రాసిచ్చిన చీటీతో తిరిగి రావడం. "ఇంకొక్కపారి పోయొద్దాం అన్నా," అనేవారు ప్రతిసారీ. మెండోరకు బదిలీ అయ్యాక కూడా రెండు బస్సులు మారి వచ్చారు. ఈలోగా నా చదువు అయిపోయింది, టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. సారు రిటైరై నిజామాబాద్‌లో ఇల్లు తీసుకున్నారు. వాళ్లిద్దరూ ముసలివాళ్లవుతూ అదే బల్ల మీద కూర్చునేవారు.

చివరికి కేసు కొట్టేశారు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. సారు కాగితం తీసుకుని సంతకం చూశారు, ఆ తర్వాత రెండుసార్లు చదివారు. సొమ్ము దాచాడనడానికి ఆధారం లేదని ఉంది. బిందె గురించి ఏమీ లేదు. గుమస్తాను అడిగితే, "అది వేరే ఫైలు," అన్నాడు తల ఎత్తకుండా.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. సారు నేల చూస్తూ మెల్లగా, "నేనానాడు మీ ఇంటికి రాకుంటె మంచిగుండేది అన్నా," అన్నారు.

ఆయన ఎడమ వైపు కూర్చున్నారు. బాపుకు వినపడలేదు. ఇటు తిరిగి కుడి చెవి పెట్టి, "ఏమన్నరు సారూ?" అన్నాడు. సారు ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెప్పడానికే ఆయనకు ఇన్నేళ్లు పట్టింది.

"మీరు చెప్పిండ్రు, నేను ఇన్న," అన్నాడు బాపు. "ఇద్దరం గూడి పోయినం. ఇగ ఆ మాట అనకుండ్రి."

రెండేళ్ల తర్వాత మా ఊరి పిల్లగాడొకడు, కొత్తగా పెళ్లయినవాడు, ఇంటికి పునాది తవ్వుతుంటే మట్టికుండలో బంగారు గుండ్లు దొరికాయి. ఏం చేయాలో తోచక నిజామాబాద్ వెళ్లి సారు ముందు కూర్చున్నాడు. సారు చెప్పులేసుకుని, వాణ్ని బస్సెక్కించుకుని బాపు దగ్గరికి తీసుకొచ్చారు.

"నేను చెప్తె ఏమైందో నీకెరుకే," అన్నారు వాడితో. "ఈయన్నే అడుగు. ఈయన దాసుమంటె నేను అడ్డం రాను."

దాసుకోమనే అంటాడని అవ్వ అనుకుంది. నేనూ అనుకున్నాను. బాపు గోడకు ఆనుకుని కూర్చుని, వాణ్ని దగ్గరికి పిలిచాడు.

"ఆఫీసుల చెప్పు బిడ్డా," అన్నాడు. "దాసుకుంటె తలుపు సప్పుడైనప్పుడల్లా బుగులే. గని ఒక్కనివి పోకు. ముందుగాల ఊరందరి ముంగట ఎంచు. కుండ ఎంతున్నది, అండ్ల మన్ను ఎంతున్నది, అన్ని రాయిపియ్యి. అందరితోని సంతకాలు పెట్టిపియ్యి. మేమొస్తం నీ ఎంబడి."

ఆ కాగితం సారే రాశారు. ఊళ్లో చదువొచ్చినవాళ్లు సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. ముగ్గురూ కలిసి బోధన్ వెళ్లి అప్పగించి వచ్చారు. వాడి వాటా వాడికి వచ్చిందా అంటే, ఇంకా రాలేదు, ఆ ఫైలూ తిరుగుతూనే ఉంది. కానీ వాడి ఇంటికి పోలీసులు రాలేదు. వాడి మీద ఎవరూ చెయ్యెత్తలేదు. ఇంత తిరుగుడుకు దక్కింది అదే.

మంగళవారం సాయంత్రం సారు ఇంటి ముందు జనంలో బాపు ఒక పక్కకు నిలబడి ఉన్నాడు. సారు బంధువెవరో వచ్చి, "మీరు ఏమైతరు ఆయనకు?" అని అడిగారు. బాపు కుడి చెవి అటు తిప్పి, "ఆయన ఎంబడి తిరిగినోన్ని," అన్నాడు.

నాకప్పుడు వాళ్లు బోధన్ వెళ్లొచ్చిన ఆనాటి సాయంత్రం గుర్తొచ్చింది. సెలవులకని ఊరొచ్చి, బాపు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సు వచ్చి ఆగింది. ముందు ఆ పిల్లగాడు దిగాడు. బాపు దిగలేదు. కిటికీలోంచి చూస్తే సారు బాపు భుజం మీద తలవాల్చి నిద్రపోతున్నారు, నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జారి. నేను పిలవబోతే బాపు వద్దని తల ఊపాడు. భుజం కదలకుండా, ఒక్క చేత్తో, నన్ను ఇంటికి పొమ్మని సైగ చేశాడు. కండక్టర్ రైట్ అన్నాడు. బస్సు వాళ్లిద్దరినీ అట్లాగే తీసుకుని నిజామాబాద్ వైపు పోయింది.