జిగురు పెట్టిన మెడ

నా బీరువాలో, స్వెటర్ల కింద, జానెడు పొడవున్న బూడిద రంగు ప్లాస్టిక్ ముద్ద ఒకటుంది. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు మాత్రం అదే. మా ఆవిడ ఒకసారి చూసి ఇదేంటని అడిగితే, చిన్నప్పటి బొమ్మలోది అన్నాను. చిన్నప్పటిది కాదు. అప్పటికే నాకు మీసాలొచ్చాయి, డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తున్నాను. చిన్నతనం అంటే సగం తప్పు మాఫీ అవుతుందని అలా అన్నానేమో.

మీరెవరో నాకు తెలీదు. అదే నా ధైర్యం. తెలిసినవాళ్ళకి చెప్పగలిగితే ఈపాటికి చెప్పే ఉండేవాణ్ణి. చెప్పి ఉండేవాణ్ణా? ఏమో. అవకాశం రాక కాదు. ప్రతి ఏడూ ఒకసారి వస్తూనే ఉంది, నేనే చెప్పకుండా ఇంటికొచ్చేస్తున్నాను.

తొంభైల చివరి సంగతి ఇది. మా నాన్నగారు గుంటూరు నుంచి హైదరాబాదుకు బదిలీ మీద వచ్చిన ప్రభుత్వాఫీసరు. మలక్‌పేటలో ఉండేవాళ్ళం. సలీం వాళ్ళది అఫ్జల్‌గంజ్‌లో పాత మేడ. కింద వాళ్ళ నాన్న తాళ్ళ దుకాణం, పైన మెట్ల పక్కన ఒక ఖాళీ గది. నర్సింగ్ కార్వాన్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, వాళ్ళ నాన్న బస్సు డిపోలో పనిచేసేవాడు. కాలేజీలో ముగ్గురిదీ ఒకే బెంచీ. కాలేజీ అయిపోయినా ఆ గది మమ్మల్ని వదల్లేదు.

సలీం వాళ్ళ అన్న గల్ఫ్‌లో ఉండేవాడు. వచ్చినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ బ్లాకుల డబ్బా తెచ్చేవాడు. తమ్ముడు పెద్దవాడయ్యాడన్న సంగతి పాపం ఆయనకి తట్టేది కాదు. మాకూ తట్టలేదు లెండి. వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చి, సినిమాలో కోటో ఓడో కనబడగానే ఆపేవాళ్ళం. ఆపిన బొమ్మ తెర మీద వణుకుతూ ఉండేది. ఆ వణుకులోంచే నర్సింగ్ కాగితం మీద గీసేవాడు. సలీం రంగులు ఏరేవాడు. నేను కట్టేవాణ్ణి. వీడియో గేముల్లోని కోటల్నీ అలాగే కట్టాం. తక్కువైన ముక్కల కోసం జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల కుప్పలు కెలికేవాళ్ళం. సలీం వాళ్ళమ్మ చాయ్ తెచ్చి పెట్టి, "మా ఇంజనీర్ సాబులు" అని మురిసిపోయేది. మా నాన్న మాత్రం, గాడిదల్లా పెరిగి ప్లాస్టిక్ ముక్కలతో ఆటలేమిట్రా అనేవారు.

ఇలాంటివి సేకరించేవాళ్ళు కట్టినదాన్ని అలాగే అద్దాల బీరువాలో దాచుకుంటారని తర్వాత తెలిసింది. మాకది కుదిరే పని కాదు. ఉన్న బ్లాకులతోనే మళ్ళీ ఇంకోటి కట్టాలి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. శుక్రవారం నమాజయ్యాక ముగ్గురం చాప మీద కూర్చుని, కట్టిన బొమ్మను ఒక్కొక్క ముక్కా విప్పేవాళ్ళం. ముగ్గురూ ఉండాల్సిందే, ఒక్కరు లేకపోయినా విప్పకూడదు. కట్టిన రోజుకన్నా విప్పే రోజే మాకు పండగ. జిగురు ముట్టుకోకూడదు. "జిగురు పెట్టినవంటే అది బొమ్మ కాదు భాయ్, మయ్యత్. మళ్ళ లేవది" అనేవాడు సలీం. మయ్యత్ అంటే శవం.

ఆ ఏడాది సలీం వాళ్ళ అన్న గల్ఫ్‌లోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన అంతకుముందు పంపిన డబ్బా ఆయన పోయాక ఇల్లు చేరింది. అందులో అన్నీ బూడిద రంగు బ్లాకులు. సలీం చాలా రోజులు దాన్ని తెరవలేదు. తెరిచిన రోజు, అన్న పేరు మీద ఒక పెద్ద ఓడ కడదాం అన్నాడు. మేం ఎప్పటి నుంచో అనుకుంటున్న అంతరిక్ష ఓడ. పెద్ద పొట్ట, పొడుగాటి మెడ, మెడ చివర పైలటు కూర్చునే గది, అందులో ఒక చిన్న పైలటు బొమ్మ. పొట్ట పాత బ్లాకులతో కట్టాం. మెడ మాత్రం అన్న పంపిన డబ్బాలోవాటితోనే.

ఆ మెడ కట్టింది నేను.

ఆబిడ్స్‌లో ఒక బొమ్మల దుకాణం వాళ్ళు అప్పుడే పోటీ పెట్టారు. సినిమాల్లో చూసినదాన్ని బ్లాకులతో కట్టి తేవాలి. జిగురు వాడకూడదు. బొమ్మను వెనక నుంచి పట్టుకుని పైకెత్తితే విడిపోకూడదు. గెలిచినదాన్ని దుకాణం ముందరి అద్దంలో పెడతారు, పక్కన మనం చెప్పిన పేరు రాస్తారు. ఆ చివరి మాట విన్నప్పుడు సలీం మొహం చూశాను. అక్కడ అన్న పేరు ఉండాలి, అంతే. అతనికి వేరే ఏదీ అక్కర్లేదు.

ఎత్తిన ప్రతిసారీ మెడ మధ్యలో ఊడి పడేది. "జర పొట్టిగ చేద్దాం రా, నిలుస్తది" అన్నాడు నర్సింగ్. సినిమాలో పొడుగ్గా ఉంది కదా, కళ్ళు లేవా నీకు అన్నాను. అతను చెప్పింది సరైనదని నాకు అప్పుడే తెలుసు. సరైనదని తెలిసి కూడా ఎందుకు వినలేదు? అతను చెప్పాడు కాబట్టి. గీసేవాడు గీయాలి, కట్టేది నేను కదా అని. పోనీ పొడుగే ఉండాలన్న పట్టుదల నిజంగా సినిమా మీద ప్రేమేనా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను, కాదు, ఒట్టి పొగరు. జిగురు సంగతి రాయడం కన్నా ఈ మాట రాయడమే నాకు కష్టంగా ఉంది.

పోటీ ముందు రోజు మధ్యాహ్నం ఓడను పెట్టడానికి అట్టపెట్టె కోసం వాళ్ళిద్దరూ బేగంబజార్ వెళ్ళారు. వాళ్ళు అటు వెళ్ళగానే నేను జేబులోంచి ట్యూబు తీశాను. అవును, ముందే కొనుక్కుని వచ్చాను. మెడలో ప్రతి అతుకులోనూ ఒక్కో చుక్క. ఘాటు వాసన పోవడానికి కిటికీ తీశాను, ఊదుబత్తి కూడా వెలిగించాను. వాళ్ళు వచ్చాక ఓడను తోక పట్టుకుని ఎత్తి చూపించాను. మెడ కదల్లేదు. సలీం నన్ను వాటేసుకున్నాడు. నర్సింగ్ ఆ మెడనే చూస్తూ ఎట్ల చేసినవని అడిగాడు. లోపల ముక్కలు మార్చానని చెప్పాను.

గెలిచాం. దుకాణం అద్దంలో మా ఓడ, పక్కన అన్న పేరు. సలీం వాళ్ళమ్మ ఆటోలో వచ్చి చాలాసేపు అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది. నాకు సంతోషంగా ఉంది. కానీ ఓడ తిరిగి గదికి వస్తుంది. ఆ పై శుక్రవారం దాన్ని విప్పాలి.

బుధవారం తెచ్చాం. ఆ సాయంత్రమే సలీం బంధువుల పెళ్ళికి నిజామాబాద్ బయల్దేరాడు. కాసేపయ్యాక నేనూ ఇంటికి వచ్చేశాను. నర్సింగ్ గది తాళం వేసి, తాళంచెవి మామూలుగా మీటరు పెట్టె వెనక పెట్టి వెళ్ళాడు. గురువారం మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. కింద దుకాణంలో సలీం వాళ్ళ నాన్న కునుకు తీస్తున్నాడు. జిగురు వదులుతుందేమో చూద్దామనే వెళ్ళాను, నమ్మండి. చాకు మొన పెట్టి లాగాను. బ్లాకుల అంచులు చెక్కుకుపోయాయి గానీ ఒక్కటీ రాలేదు. పొట్టలోకి దిగిన మొదలుకి జిగురు లేదు గనక మెడ మొత్తాన్ని పొట్ట నుంచి ఊడదీసి, సంచిలో వేసుకుని, తాళం వేసి వచ్చేశాను.

శుక్రవారం ముగ్గురం చాప మీద కూర్చున్నాం. ఓడకి మెడ లేదు. సలీం కేకలు వెయ్యలేదు. గదంతా వెతికాడు, చాప కూడా దులిపాడు. అప్పుడు నర్సింగ్ ఏమీ ఆలోచించకుండా జేబులోంచి పైలటు బొమ్మను తీశాడు. దాని టోపీకి ఎర్ర రంగు కొత్తగా మెరుస్తోంది.

"గిది నీ తాన ఎందుకున్నది?" అన్నాడు సలీం.

"టోపీకి రంగేద్దామని బుధవారం తీస్కపోయిన. విప్పేటప్పుడు మీకు చూపెడ్దామనుకున్న."

"మరి మెడ?"

"మెడ నాకెర్క లేదు. నేను పొయ్యేటప్పుడు ఓడకే ఉండె."

"పైలటు నీ జేబుల ఉంటే మెడ ఏడికి పోతది, నర్సింగ్? అది మా అన్నది రా."

నర్సింగ్ నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పురా."

సలీం కూడా నన్నే అడిగాడు. "నువ్వు చెప్పు భాయ్. బుధవారం నేను పోయినంక గదిల ఎవరున్నరు?"

"ఇద్దరం ఉన్నాం" అన్నాను. "నేను ముందు వెళ్ళిపోయాను. తాళం నర్సింగే వేశాడు."

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. చాలా ఏళ్ళు ఆ మాట పట్టుకునే బతికాను. అబద్ధం ఆడలేదు కదా, అడిగినదానికే కదా చెప్పాను అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను తడుముకోను కూడా లేదు. ముగ్గురిలో సలీం తన సొమ్ము తానే దొంగిలించుకోడు. మిగిలింది ఇద్దరం. ఆఫీసరు గారబ్బాయిని, బస్సు డిపో పనివాడి కొడుకు నర్సింగ్‌ని పక్కపక్కన కూర్చోబెడితే ఎవరి మీద అనుమానం వస్తుందో నాకు ముందే తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

నర్సింగ్ పైలటును చాప మీద నిలబెట్టి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. సలీం మిగతా ఓడను ఆ రోజు విప్పలేదు, ఇంకెప్పుడూ ఏదీ కట్టలేదు.

తర్వాత కొన్నేళ్ళకి నర్సింగ్‌ని జుమ్మెరాత్ బజార్‌లో చూశాను. పాత బొమ్మల కుప్ప ముందు కూతురితో గొంతుక్కూర్చుని బ్లాకులు ఏరుతున్నాడు. మంచిగున్నవా అని పలకరించాడు. కూతురికి నన్ను చూపించి, "బిడ్డా, గీయన కట్టిన మెడ అస్సలు ఊడకపోతుండె" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తెలిసి అన్నాడా? మెచ్చుకున్నాడా? ఆ పిల్ల నన్ను గొప్పగా చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఏదో పనుందని వచ్చేశాను. సిగ్గుతో ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు సహించింది. అదే నా బతుకు.

ఇప్పటికీ రంజాన్‌కి సలీం ఇంటికి వెళ్తాను. షీర్ ఖుర్మా గిన్నె చేతికిచ్చి ప్రతిసారీ ఎప్పుడో ఒకప్పుడు అంటాడు, నర్సింగ్ గిట్ల చేస్తడని అనుకోలే భాయ్ అని. నేను తలొంచుకుని తాగుతాను. పోయిన పండక్కి సంచిలో మెడను పెట్టుకుని మరీ వెళ్ళాను. సంచి ఒళ్ళోంచి దించకుండా కూర్చుని, అలాగే తిరిగొచ్చాను.

ఇప్పుడది నా ముందు బల్ల మీద ఉంది. చాకు గాట్లు అలాగే ఉన్నాయి. పైలటు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు. ఆ రోజు సలీం బుధవారం గురించే అడిగాడు. గురువారం గురించి ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళకు, ఎవరూ అడక్కుండానే, మీకు చెబుతున్నాను. గురువారం మధ్యాహ్నం ఆ గది తాళం తీసింది నేను.